మూడో గవ్వ

పలాసలో మా యుద్ధం ఆదివారం రాత్రి ఎనిమిదింటికి మొదలవుతుంది.
జీడి బట్టీ చల్లారాక
గోడౌన్‌లో, తిరగేసిన రేకు ట్రే మీద
సుద్దముక్కతో నేనొక దేశం గీస్తాను.
దానికి పేరు లేదు. పేరు పెడితే గొడవలొస్తాయని
మొదటి వారమే అనుకున్నాం.

పిక్కలు శత్రువులు.
ఒలిచిన గుళ్ళు మనవాళ్ళు.
పెంకు లేదు, పొర లేదు, గట్టిగా పట్టుకుంటే బద్దలవుతారు.
ఆరుగురుండాలి. ఐదుగురే ఉన్నారు.
ఆరోవాణ్ణి భీష్మారావు ఆకలేసి తినేశాడు.
"ఆచూకీ లేదు" అని రాశాను,
పగలు బస్తాల లెక్క రాసే రిజిస్టర్లోనే, వెనక పేజీలో.

వెనకాల వంతెన కూలింది. వైర్‌లెస్ తడిసింది.
మూడు వారాలుగా పరాయి గడ్డ మీద పాకుతున్నారు,
ముందు వాగు, అవతల మనవాళ్ళ గుడారాలు.
కథ చెప్పడం నా పని, గవ్వలు లెక్కపెట్టడం నా పని.
ఐదు గవ్వలు. మూడు వెల్లకిలా పడితే బతుకు.

పోలారావు కేప్టెన్.
నిజం సెలక్షన్లో ఛాతీ అరంగుళం తక్కువైనవాడు.
ఇక్కడా ఊపిరి బిగబట్టే మాట్లాడతాడు,
టేపు ఇంకా చుట్టుకునే ఉన్నట్టు.
"ఏటి కనపడతంది?"
"చీకటి."
"ఇంకేటి?"
"ఎక్కడో కుక్క మొరుగుతోంది."
"కుక్కుంటే ఇల్లుంటది, ఇల్లుంటే గంజుంటది" అన్నాడు భీష్మారావు.
ఏ సైన్యంలో చేర్చినా వీడు వంటింటి వైపే పాకుతాడు.

తవిటినాయుడు మాట్లాడడు.
వాడి అన్న నిజంగానే ఎక్కడో మంచులో ఉన్నాడు.
తొమ్మిది రోజులుగా ఫోను లేదు.
వాడు చెప్పలేదు నాకు.
కాటా పక్క గోడ మీద రోజుకో గీత పడుతుంటే
లెక్కలు రాసేదాన్ని, లెక్కపెట్టకుండా ఉండలేను కదా.

ఆ రాత్రి వైర్‌లెస్ మోసే కుర్రాడి తొడలో గుండు దిగింది.
దింపింది నేనే, కథ నీరసంగా ఉందని.
వాడికి ఆటగాడు లేడు. వాడి మూలుగు కూడా నా గొంతే.

కేప్టెన్ లెక్క చెప్పాడు:
మోస్తే అందరం పోతాం. నీళ్ళ సీసా ఇచ్చి ఒగ్గేద్దాం.
"ఎవుల పిల్లడో" అంది చామంతి,
జీడిరసానికి నల్లబడ్డ వేళ్ళతో ఆ గుడ్డును ముట్టుకోకుండా.
ఎవరూ ఏమీ అనలేదు కాసేపు.
"నానెత్తుకుంటాను."
మూడు వారాల్లో తవిటినాయుడి మొదటి మాట.

వాగులోకి దించాను వాణ్ణి. మోకాళ్ళ లోతు. నడుం లోతు.
భుజం మీద బరువు, వెనక గట్టు మీద టార్చిలైట్లు.
గవ్వలు విసిరాడు.
సరిగ్గా అప్పుడే గూడ్సు బండి పోయింది,
రేకులన్నీ గడగడలాడాయి,
ఒక గవ్వ దొర్లి బస్తాల కిందికి పోయింది.
ట్రే మీద నాలుగు: రెండు వెల్లకిలా, రెండు బోర్లా.

వంగి, సెల్‌ఫోన్ లైటు వేసి చూశాను.
దుమ్ములో, చిన్న గూనివీపులా
అది బోర్లా ఉంది.

"మూడు" అన్నాను.

నా వెనక ఇంకెవరూ వంగలేదు.
పోలారావు మాత్రం ఊపిరి వదిలేశాడు,
అన్ని ఆదివారాల్లో మొదటిసారి, మొత్తంగా.
తవిటినాయుడు రెండు గుళ్ళనీ అవతలి గట్టు మీద
ఒకదానికొకటి ఆనించి పెట్టాడు.
మిగతా ముగ్గురూ ఇవతలే ఉండిపోయారు. వచ్చే వారం చూడాలి.

పొద్దున్న ఓనరు నా డ్రాయరు లాగి అడిగాడు,
అగ్గిపెట్టెలో ఈ ఐదు గుళ్ళేంటమ్మా అని.
శాంపిలు అన్నాను.

గోడ మీద పదో గీత అప్పటికే పడింది.
సుద్ద నాదే, దేశం గీసిందే, అరిగిపోయింది.
కాటా మీద ఇంకో ముక్క పెట్టి వచ్చాను.
చిన్నదే పెట్టాను.
పెద్దది పెట్టబుద్ధి కాలేదు.